నాయన బావి దిగినన్నాళ్ళు

మొన్న ఆత్మకూరు వెళ్ళాను. డాక్టరమ్మ పోయారని కబురు తెలిసింది. నర్సు డిప్లొమా చేతికొచ్చాక నా మొదటి ఉద్యోగం ఆమె నర్సింగ్ హోములోనే. బస్టాండు పక్క సందులో రెండంతస్తుల మేడ. కింద పేషంట్లు, పైన ఆమె కుటుంబం. ఇప్పుడు కింద సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. పైన హాల్లో ఆమె ఫొటోకి దండ వేసి అగరొత్తులు వెలిగించారు. నమస్కారం చేసి ఓ మూల కూర్చుంటే ఆమె కొడుకు వచ్చి, "అమ్మ మీ పేరు తరచూ చెప్పేదండీ. నా దగ్గర పనిచేసిన పిల్ల కాలేజీలో పాఠాలు చెబుతోందని అందరికీ గొప్పగా చెప్పుకునేది" అన్నాడు. కాఫీ నోట్లో అట్లాగే ఉండిపోయింది. ఆ మహాతల్లి మీద నేను ఎన్నేళ్ళు పళ్ళు నూరానో ఆ అబ్బాయికేం తెలుసు! పోయొస్తానని చెప్పి మెట్లు దిగాను. బస్టాండులో ఉదయగిరి బోర్డు పెట్టుకున్న బస్సు కనబడేసరికి కాళ్ళలోకి పాత వణుకు వచ్చేసింది. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని, నాకిప్పుడు ఆ బస్సుతో ఏం పని? అయినా వణికాను.

నేను పుట్టు పిరికిదాన్ని. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మా ఇంట్లో పుట్టి ఉంటే మీరూ అంతే అయ్యేవాళ్ళు. మా నాయన యేసోబు బావుల్లో తూటాలు పేల్చే మనిషి. ఉదయగిరి చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా పైన కొంచెం మన్ను, కిందంతా బండ. ఎండలు ముదిరి నీళ్ళు అడుగంటితే రైతులు బావులు లోతు చేయించేవాళ్ళు. కొండాపురం, జలదంకి, అనంతసాగరం, ఎక్కడినుంచి పిలుపొచ్చినా నాయన జట్టు వెళ్ళేది. బండలో సమ్మెటతో గుంటలు కొట్టి, వాటిలో మందు కూరి, వత్తులు పెట్టి, అందరినీ పైకి పంపించేస్తారు. ఒక్క మనిషి మాత్రం అడుగున ఉండి వత్తులన్నీ ముట్టించి, మోకు పట్టుకుని గబగబా పైకి ఎక్కాలి. ఆ ఒక్క మనిషీ మా నాయన. ఎన్ని గుంటలు కొట్టారో అన్ని శబ్దాలు రావాలి. ఒకటి తగ్గిందంటే పేలని తూటా అడుగున ఉన్నట్టే. దాన్ని చూడ్డానికి మళ్ళీ దిగవలసింది కూడా ఆయనే. కింద ఎట్లా ఉంటుంది నాయనా అని చిన్నప్పుడు అడిగితే, "చల్లగా ఉంటాది పాపా, ఫ్యాను కింద కూర్చున్నట్టు" అని నవ్వేవాడు. మా ఇంట్లో ఫ్యానే లేదు, ఇంక నాకేం అర్థమవుతుంది?

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ. మా వైపు అవ్వ అంటాం. అవ్వ వయసులో ఉన్నప్పుడు మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసింది. దొరసానుల దగ్గర నేర్చుకున్న శుభ్రం ఆమె ఒంటికి పట్టేసింది. చేతులు కడగకుండా సంగటి ముద్ద ముట్టుకుంటే వీపు పగిలేది. ఆమె చీర కొంగు ఎప్పుడూ కార్బాలిక్ సబ్బు వాసన కొట్టేది, నాయన చొక్కాలు తూటా మందు వాసన కొట్టేవి. ఆ చొక్కాల్ని వేరే బకెట్లో నానబెట్టి, చింతకాయ తొక్కు నూరుకుంటూ, వాటివంక పాము వంక చూసినట్టు చూసేది. అన్నిటికంటే పెద్ద అలవాటు ఇంకొకటుంది. నాయన బావి పనికి పోయిన రోజు ఆయన ఇంటికి తిరిగొచ్చేదాకా మా ఇంట్లో అగ్గిపుల్ల గీయకూడదు. పొయ్యి వెలగదు. ముందురోజు సంగటిలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ బడికి పోవడమే. పక్కింటివాళ్ళు అడిగితే, "మూఢనమ్మకం కాదులేమ్మా, మేము దేవుణ్ణి నమ్ముకున్నోళ్ళం. జాగ్రత్త, అంతే" అనేది. పొద్దుగూకి నాయన గడపలోకి వచ్చి కాళ్ళు కడుక్కున్న తర్వాతే పొయ్యి రాజేసేది. చెనక్కాయల పచ్చడి, వేడి సంగటి. ఆ పొగ వాసన వస్తే నాకు ప్రాణం కుదుటపడేది.

నేను నర్సు చదువు పూర్తిచేసి డాక్టరమ్మ దగ్గర చేరగానే నాయన బావులు మానేశాడు. ఆయన మానలేదు, నేనే మానిపించాను. నా జీతంతో ముగ్గురం తిన్నాం, అవ్వ ఉబ్బసానికి మందులు కొన్నాం. నాయన నాలుగు మేకల్ని పెట్టుకుని దుర్గం కొండ కింద మేపుకునేవాడు. ఆ మూడు నాలుగేళ్ళూ మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగింది. పగలు కూడా వేడి అన్నం తినొచ్చని నాకు అప్పుడే తెలిసింది. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ హైదరాబాదులో ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ సీటుకి పరీక్ష రాయమని నాతో చదివిన అమ్మాయి చెప్పింది. ఊరికే రాశాను. సీటొచ్చింది. రెండేళ్ళ చదువు. ఫీజు పెద్దగా లేదు, కానీ ఉద్యోగం వదలాలి. ఆ రెండేళ్ళు జీతం ఉండదు. నేను వద్దనుకున్నాను. నాయన వినలేదు.

వినకపోవడానికి కారణం దేవదానం మాస్టారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా చర్చి సంఘానికి కోశాధికారి. మా సంఘంలో సగంమంది టీచర్లే. టీచరు ఇంకో ట్రైనింగు చేసొస్తే స్కేలు మారుతుంది, జీతం పెరుగుతుంది. అది వాళ్ళందరికీ సూర్యుడు పొడిచినంత మామూలు విషయం. మాస్టారు నాయనని అరుగు మీద కూర్చోబెట్టి, "డిగ్రీ అయితే స్కేలు మారిపోతాది యేసోబూ. నువ్వేం ఆలోచించబాక. పంపించు" అన్నారు. నర్సులకు కూడా అంతేనా అని ఆయన్ని అడగాలని మాలో ఎవరికీ తట్టలేదు. చదువంటే మా ఊళ్ళో టీచరు చదువే. దాని లెక్కే అన్ని చదువులకీ లెక్క. నాక్కూడా తట్టలేదు మరి. ఆసుపత్రిలో పనిచేస్తున్నదాన్ని, నాకైనా అనుమానం రావద్దూ?

నన్ను సాగనంపడానికి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. ఆ కూడికలో నాయన లేచి నిలబడి, "నా బిడ్డ డిగ్రీ చదివి తిరిగొచ్చినాక కొత్త జీతం మొదటి నెలది అంతా ప్రథమ ఫలంగా దేవుడికే" అని మొక్కేశాడు. మా సంఘంలో మొదటి జీతాన్ని ప్రథమ ఫలం అంటారు. దానికొక పద్ధతి ఉంది. జీతం కవరు ఇంట్లో విప్పకూడదు. ఎంతని ఎవరూ అడగకూడదు, తెచ్చినవాళ్ళు చెప్పకూడదు. ఆదివారం అట్లాగే తీసుకుపోయి కానుక పళ్ళెంలో పెట్టాలి. కోశాధికారి అందరి ముందూ కవరు విప్పి, పేరు, మొత్తం చదివి వినిపిస్తాడు. నేను మొదటిసారి డాక్టరమ్మ దగ్గర చేరినప్పుడు కూడా అట్లాగే చదివారు. ఆ అంకె మా నాయనకి వాక్యంలాగా కంఠతా వచ్చు. కూడిక అయిపోయి అందరూ టీ తాగి పోయాక నాయన మూలనున్న సమ్మెట తీసి బయట పెట్టి, దానికి పట్టిన బూజు దులిపాడు. "ఏంది నాయనా అది?" అన్నాను. "రెండేండ్లే గదా పాపా. నువ్వు డిగ్రీతో వచ్చిన రోజు దీన్ని పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తా" అన్నాడు. అవ్వ పొయ్యిలో నీళ్ళు చల్లింది.

హైదరాబాదులో ఆ రెండేళ్ళు నేనేం చదివానో అడిగితే చెప్పలేను. మార్కులు మాత్రం బాగా వచ్చాయి. భయానికి చదివేదాన్ని. పుస్తకం మూస్తే బావి కనబడేది. హాస్టలు వెనకాల ఎవరో పెళ్ళికి టపాకాయలు కాల్చినా చేతిలో కంచం జారిపోయేది. హాస్టలుకి ఫోనొచ్చిందని వాచ్‌మన్ కేకేస్తే, ఎవరి పేరు పిలుస్తాడోనని గోడ పట్టుకుని నిలబడేదాన్ని. నా పేరు ఎప్పుడూ పిలవలేదు, దేవుడి దయ. ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు నాయన కుడిచెవి వైపునుంచి పిలిస్తే పలకలేదు. "వినపడలేదా?" అంటే, "ఆ పక్క కొంచెం మందం పాపా. ఎడమది బాగుండాది గదా" అన్నాడు, అదొక లాభమన్నట్టు. బండ తొలిచే కొత్త కంప్రెషర్లు వచ్చి గుంటలు లోతుగా తొలుస్తున్నారనీ, మందు ఎక్కువ కూరుతున్నారనీ ఆయన జట్టులోని పెంచలయ్య నాకు చాటుగా చెప్పాడు. పెంచలయ్య నాయనకంటే పదిహేనేళ్ళు చిన్న. నాయనని అన్నా అని పిలిచేవాడు. "నేను ముట్టిస్తాలే అన్నా అంటే ఇనడమ్మా. నీకు బిడ్డలు చిన్నోళ్ళురా అంటాడు" అని చెప్పి తల గోక్కున్నాడు.

డిగ్రీ అయింది. ఆత్మకూరు బస్టాండులో దిగి తిన్నగా డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆ ఏడు ప్రభుత్వ ఉద్యోగాలకి పిలుపులేమీ లేవు. అవ్వకి ఆయాసం ఎక్కువై మందుల ఖర్చు బాగా పెరిగింది, పాత జీతంతో ఇల్లు గడవదు. ఎదురుచూస్తూ కూర్చునే తీరిక మాకు లేదు. డాక్టరమ్మ సంతోషంగానే పలకరించారు. సర్టిఫికెట్ తిప్పి చూశారు. "రేపట్నించి వచ్చేయ్. పాత జీతమే" అన్నారు. నేను, "మేడం, డిగ్రీ..." అన్నాను. "అయితే? నువ్వు డిగ్రీ చదివొచ్చినావని ఈడ సెలైను ఎక్కించే తీరు మారతాదా? పేషంటు నాకు ఫీజు ఎక్కువిస్తాడా? చెప్పు రూతూ, ఎందుకు పెంచాల?" అని అడిగారు. నిజంగా జవాబు కోసమే అడిగినట్టు నా మొహంలోకి చూశారు. "నువ్వు చదివిన చదువు పాఠాలు చెప్పేదానికి పనికొస్తాది. యాడన్నా నర్సింగ్ స్కూలు పెడితే పో. నేనేం అడ్డం రాను" అని కూడా అన్నారు. ఆ మాట నా చెవికి ఎక్కలేదు. పాత జీతం అన్న ముక్క దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. పైగా, నాతోపాటు చేరిన సరోజ ఎక్కడికీ పోకుండా అక్కడే ఉన్నందుకు ఆ రెండేళ్ళలో దానికి జీతం పెరిగింది. డిప్లొమా సరోజకి ఎక్కువ, డిగ్రీ రూతుకి తక్కువ. ఓరి దేవుడా అనుకున్నాను.

ఇంటికి పోతే నాయన సమ్మెటని చావిట్లో వెనక్కి నెట్టేసి, అవ్వ చేత పొయ్యి వెలిగింపించి కూర్చున్నాడు. ఉద్యోగం దొరికిందన్నాను. అంతవరకే చెప్పాను. ఎంతని ఆయన అడగడు, నేను చెప్పకూడదు. పద్ధతి అది. ఆ నెల రోజులూ మా ఇల్లు పెళ్ళిల్లులాగా ఉంది. నాయన మళ్ళీ మేకల బేరానికి తిరిగాడు. వీధిలో ఎవరు కనబడినా నిలేసి, "బిడ్డకి స్కేలు మారింది" అని చెప్పుకున్నాడు. నేను ఆత్మకూరులో సరోజతో గదిలో ఉంటూ, ఆదివారం ఇంటికొచ్చి ఆయన మొహం చూడలేక అవ్వ వెనకాల దూరేదాన్ని. నాకున్న భయం నవ్వులపాలవుతానని కాదు, ఆ అంకె విన్న మరుసటి రోజు నాయన మళ్ళీ బావిలోకి దిగుతాడని. రెండు చెవుల్లో ఒకటి పోయింది, కాళ్ళు మునుపట్లా మోకు మీద నిలవడం లేదు. ఈసారి దిగితే పైకి రాడని నా మనసుకి ఎందుకో గట్టిగా అనిపించింది.

నెల నిండింది. డాక్టరమ్మ కవరిచ్చారు. గదిలో మంచం మీద ఆ కవరు పెట్టుకుని కూర్చుంటే సరోజ అంది: "పిచ్చిదానా, ఇంత ఆలోచన ఎందుకే? కవరు మార్చేద్దాం. నా దగ్గర కొంచెం ఉండాది, కలుపు. మీ నాయన పెరిగిందనుకుంటాడు, బావి మానేస్తాడు. నువ్వు ఇంకో ఆసుపత్రిలో గూడా రెండో డ్యూటీ చేసి ఇల్లు సర్దుకుంటావు. ఎవరికి నష్టం?" ఎవరికీ నష్టం లేదు. లెక్క సరిగ్గానే ఉంది. చెయ్యి కవరు దాకా పోయింది కూడా. కానీ బైబిల్లో కానుక విషయంలో అబద్ధమాడిన భార్యాభర్తలు ఒకరి తర్వాత ఒకరు అక్కడికక్కడే పడి చచ్చారని సండే స్కూల్లో నాకు అక్షరాలు రాకముందే నేర్పించారు. ఆ పాఠం చెప్పింది కూడా దేవదానం మాస్టారే. అబద్ధం పెడితే దేవుడి భయం, నిజం పెడితే బావి భయం. రెండిటి మధ్యా కూర్చుని ఏడ్చాను. చివరికి కవరు విప్పలేదు. నిజాయితీ అనకండి, పిరికితనం.

ఆదివారం గుడిలో ముందు బెంచీలో నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద అవ్వ పక్కన. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఏందే, ఐసు మాదిరి ఉండావు?" అంది. కానుకలు చదవడం మొదలైంది. ఎవరో పుట్టినరోజు కానుక, ఎవరో కొత్త ఆవు ఈనిందని. తర్వాత మాస్టారు నా కవరు తీసి, అంచు చింపి, నోట్లు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. కవరులోపలికి తొంగి చూశారు, ఇంకేమైనా మిగిలిందేమోనని. కళ్ళజోడు పైనుంచి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. "యేసోబు కుమార్తె రూతు, ప్రథమ ఫలం" అని ఆగి, ఆ అంకె చదివారు. అదే పాత అంకె. మా నాయన గొంతు ఒక్కటే, "ఆమేన్" అని గట్టిగా వినబడింది. మామూలుగా ఆయన అంత గట్టిగా అనడు.

మధ్యాహ్నం మాస్టారు మా ఇంటికొచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "నాదే తప్పు యేసోబూ. మా టీచర్ల లెక్కే నర్సులకీ అనుకుంటిని. కనుక్కోకుండా నిన్ను ఎగదోస్తిని" అన్నారు. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరేం చేస్తారు సార్, లోపలికి రండి" అని నాయన చాప పరిచాడు. ఆయన పోయాక నన్ను పిలిచి, "స్కేలు మారలేదా పాపా?" అన్నాడు. "లేదు నాయనా." "ఎప్పుడన్నా మారతాదా?" "తెలీదు నాయనా." చాప చుట్టి గోడకి ఆనించాడు. "సరేలే. చదివిన చదువు యాడికి పోతాది? కొండాపురంలో ఒక బావి ఉండాదంట. పెంచలయ్యకి చెప్పి పంపిస్తా" అన్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. వద్దన్నాను, అరిచాను, అన్నం మానేస్తానన్నాను. "మీ అవ్వకి ఊపిరి ఆడొద్దా?" అన్నాడు ఒక్క మాట. అవ్వ మంచం మీద లేచి కూర్చుని, "నాకు ఊపిరి వద్దు, వాణ్ణి ఆపండే" అని అరవబోయి దగ్గులో పడిపోయింది. సోమవారం పొద్దున మా పొయ్యి వెలగలేదు.

నేను రిటైరైనా ఇప్పటి పిల్లలు సలహాకి నా దగ్గరికి వస్తారు. ఎమ్మెస్సీ చేస్తే స్టార్టింగ్ ఎంత మేడం, బయటి దేశమైతే ఎంత అని చేరకముందే అడుగుతారు. మా కాలంలో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అడగడం సిగ్గనుకునేవాళ్ళం. ఇప్పటివాళ్ళు అడిగితే నాతో పనిచేసిన లెక్చరర్లు మూతి విరుస్తారు గానీ నేను విరవను. అడగండి తల్లీ, బాగా అడగండి, ఎవరినో నమ్మి పోకండి అంటాను. నా సంగతే చూడండి. అదే వార్డులో, అదే మంచాల మధ్య డిగ్రీ నాకు పైసా తేలేదు. డిగ్రీ లేనిదే తీసుకోని కుర్చీ ఒకటి దొరికినప్పుడే తెచ్చింది. ఆ కుర్చీ దొరికేదాకా ఏడాది దాటింది. ఆ ఏడాదీ నాయన దిగుతూనే ఉన్నాడు. ఇప్పుడు మా వైపు బావులు ఎవరూ తవ్వడం లేదు, అన్నీ బోర్లే. ఊళ్ళో తూటా శబ్దం వినని పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. వాళ్ళని చూస్తే నాకు అసూయ.

నెల్లూరులో కొత్తగా నర్సింగ్ స్కూలు పెట్టారు. పాఠాలు చెప్పడానికి డిగ్రీ ఉన్నవాళ్ళు లేకపోతే స్కూలుకి అనుమతి రాదట. సరోజే ఎక్కడో విని చెప్పింది. వెళ్ళాను. తీసుకున్నారు. జీతం చెప్పగానే నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, దాదాపు రెండింతలు. అప్పుడు గుర్తొచ్చింది, డాక్టరమ్మ ఈ మాట ముందే చెప్పారని. ఆమె మీద నాకప్పుడు ఇంకా కోపమొచ్చింది, అదేం బుద్ధో. అక్కడినుంచి ఒక్క నిమిషం ఆగకుండా బస్సెక్కాను. ఆత్మకూరులో మారి ఉదయగిరి బస్సు. దారి పొడుగునా దేవుణ్ణి ఒకటే అడిగాను, ఈ ఒక్కరోజు ఏమీ కానీయొద్దు స్వామీ అని. ఇంత దగ్గరికి వచ్చాక ఏదో అవుతుందని నా భయం.

ఊరు ఇంకాస్త దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. రోడ్డు మధ్యలో ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుతున్నాడు. "రోడ్డు పక్కన బావిలో తూటాలు పెట్టినారు. పేలినాక పోదాం" అన్నాడు కండక్టరు. నా పైప్రాణాలు పైనే పోయాయి. కిటికీలోంచి, "ఎవరి జట్టు?" అని అరిచాను. "యేసోబు జట్టమ్మా. ముట్టించేదానికి దిగినాడు" అన్నాడు ఎర్రగుడ్డ మనిషి. బస్సు దిగి పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. వెనకనుంచి కండక్టరు, డ్రైవరు, ఎర్రగుడ్డ మనిషి అందరూ అరుస్తున్నారు. బావి ఒడ్డున పెంచలయ్య చేతులడ్డం పెట్టాడు. అతన్ని తోసేసి అంచుకి పోయి కిందికి చూశాను. అడుగున మా నాయన తలగుడ్డ మాత్రమే తెల్లగా కనబడింది. చేతిలో అగ్గిపెట్టె. ఇంకా గీయలేదు.

"నాయనా! జీతం పెరిగింది! పైకి రా!" అని అరిచాను. ఆయన ఎడమచెవి పైకి తిప్పాడు. "ఏందీ?" "జీతం! డిగ్రీకి జీతం పెరిగింది! రా పైకి!" కిందినుంచి గొంతు బావి గోడలకి తగిలి వచ్చింది: "సంతోషం పాపా. నువ్వు దూరంగా పో. ఇది ముట్టించేసి వస్తా." ఒడ్డున మనిషి ఉంటే వత్తి ముట్టించకూడదు, అది వాళ్ళ జట్టులో గట్టి నియమం. నేను అంచునే చతికిలబడ్డాను. "నువ్వు వచ్చేదాకా నేను కదలను. ముట్టిస్తే ముట్టించుకో" అన్నాను. బస్సులోవాళ్ళు తొందరపడుతున్నారు. "ఏందమ్మా నీ గొడవ, లేటయితా ఉండాది" అని కండక్టరు అన్నాడు. చాలాసేపటికి మోకు కదిలింది. నాయన తల పైకొచ్చింది, తర్వాత భుజాలు. చెయ్యి పట్టి లాగాను. ఆయన ఒంటినుంచి చెమట, రాతిపొడి, మందు వాసన. ఇద్దరం నేలమీద కూర్చుండిపోయాం. నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "నిజమేనా?" అన్నాడు. "నిజమే నాయనా."

కానీ కింద గుంటల్లో మందు అలాగే ఉంది. ఎవరో ఒకరు దిగాలి. పెంచలయ్య నాయన చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నాడు. నాయన ఇవ్వకుండా వేళ్ళు బిగించాడు. "ఇడువన్నా. నీకు బిడ్డ జీతం వచ్చింది గదా, ఇంక నీకెందుకు" అని నవ్వి, వేళ్ళు విడదీసి, మోకు పట్టుకుని దిగిపోయాడు. మమ్మల్ని దూరంగా పొమ్మన్నారు. నాయన రోడ్డు దాకా వచ్చి ఇంక నడవలేదు, బావి వైపే తిరిగి నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నాడో శబ్దాలు లెక్కపెట్టడానికి సిద్ధమవుతున్నాడో తెలియదు. పెంచలయ్య ఒడ్డు ఎక్కి పరిగెత్తుతూ కనబడ్డాడు. తర్వాత వరసగా నేల అదిరింది. రాళ్ళు, దుమ్ము లేచాయి. నాయన లెక్క సరిపోయిందన్నట్టు తలూపాడు.

దుమ్ము దులుపుకుంటూ పెంచలయ్య మా దగ్గరికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, పైనుంచి నువ్వు అరిస్తివి గదా, చదువుకి జీతం పెరిగిందని. మా జ్యోతి పదో తరగతిలో ఉండాది. దాన్ని గూడా నర్సులో చేర్చి, నీ మాదిరి పెద్ద చదువు చదివిస్తే దానికీ పెరగతాదా?" అన్నాడు. నాయన నా వైపు చూశాడు. లేదని చెప్పలేను, అవునని చెప్పడానికి నోరు రాలేదు. "పెరగతాది పెంచలన్నా. కానీ ఎంటనే కాదు. అన్నీ అయ్యి, తగిన చోటు దొరికేతలికి చానా ఏండ్లు పడతాది" అన్నాను.

"పడనీలేమ్మా" అన్నాడు పెంచలయ్య, అగ్గిపెట్టె జేబులో వేసుకుంటూ. "అందాకా నేను దిగతా ఉంటా గదా."

నాయన తలగుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరం బస్సెక్కాం. ఆ రోజునుంచి మా ఇంట్లో పగలు పొయ్యి వెలిగింది. జ్యోతి చదువు పూర్తయి జీతం తెచ్చుకునేదాకా, ఎక్కడ తూటా పేలినా నేను పెంచలయ్య కోసం ఉలిక్కిపడేదాన్ని.